బండల శెట్టి నాటిన చెట్టు

ఆ గురువారం పొద్దున నాగసుబ్బయ్య చేయవలసిన పనల్లా ఒక గుంత తవ్వించడమే. మూరెడు లోతు, మూరెడు వెడల్పు. పదకొండు గంటలకు కడప నుంచి పెద్ద అధికారి జీపులో వచ్చి, వనమహోత్సవం పేరున ఆ గుంతలో స్వహస్తాలతో ఒక మొక్క నాటుతాడు. ఆయన అడుగు తన పెరట్లో పడేటట్టు చూసుకోవడానికి నాగసుబ్బయ్య నెల రోజులు తిరిగాడు. నాగసుబ్బయ్యది బండల వ్యాపారం. తాలూకా కచేరీ ఆవరణంతా బండలు పరిపించే పని ఆ అధికారి చేతిలో ఉంది. తన పెరట్లోని నున్నటి బండల మీద ఆయన నాలుగడుగులు వేస్తే చాలు, ఆ పని ఇంకెవరికీ పోదని శెట్టి నమ్మకం.

"అంతా బాగుండాది గానీ, గుంత యాడ తవ్విస్తారు?" అంది సుందరలక్ష్మి, మొగుడికి కాఫీ అందిస్తూ.

నాగసుబ్బయ్య పెరట్లోకి చూశాడు. గోడ నుంచి గోడ దాకా బండలే. వేలు దూర్చే సందు లేకుండా తానే దగ్గరుండి పరిపించాడు. మూలన అతని తల్లి నాటిన కానుగ చెట్టు మొదట్లో మాత్రం నాలుగడుగుల మట్టి మిగిలింది. అదీ సుందరలక్ష్మి ఆనాడు పనివాళ్ల ముందు చాప వేసుకుని కూర్చోబట్టి.

"ఒక బండ లేపితే సరిపాయె. దాని కింద మన్ను లేకుండా పోతాదా?" అన్నాడు.

కూలి ఓబులేసు గడ్డపారతో ఒక బండ లేపాడు. దాని కింద జానెడు మన్ను, ఆ మన్ను కింద రాయి. గడ్డపార ఖంగుమంది. రెండో బండ లేపాడు. అక్కడా ఖంగుమంది. ఎనిమిది గంటలకల్లా పద్నాలుగు బండలు లేచి గోడకు చేరాయి. పెరడు దున్ని వదిలేసిన మడిలా తయారైంది.

"శెట్టీ, నీ ఇల్లు బండ మీద కట్టినారప్పా. దాని మీద నువ్వు మళ్లా బండలు పరిపిస్తివి. ఈడ పారకు లొంగే మన్నంటే ఆ చెట్టు కాడే," అన్నాడు ఓబులేసు చెమట తుడుచుకుంటూ.

అప్పుడే కంబన్న అయ్యవారు వచ్చాడు. బడిలో పంతులు, వనమహోత్సవ సంఘానికి కార్యదర్శి. చేతిలో తడిగుడ్డ చుట్టిన బెత్తెడు మొక్క. దాన్ని భద్రంగా బర్రె కుడితి తొట్టి గట్టున పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని చెట్టును చూశాడు.

"ఇంత నీడలో మొక్క యాడ బతుకుతాది శెట్టిగారూ? కొమ్మలు కొట్టించల్ల. పైగా పందిరికి పచ్చాకు కావల్ల గదా. వనమహోత్సవమంటే దొరగారికి పచ్చదనం కనపడల్ల!"

ఓబులేసు చెట్టెక్కాడు. తొమ్మిది గంటలకు కొమ్మలన్నీ వీధి వాకిట పందిరి మీద ఉన్నాయి. చెట్టు మొండెంగా నిలబడింది.

సుందరలక్ష్మి అంట్లు తోముతున్న చోటి నుంచి లేచింది. "ఏం చేస్తాండారు మీరు? ఈ ఎండల్లో నేను యాడ కూర్చోని పప్పు చెరుక్కోవల్ల? బర్రెను యాడ కట్టల్ల? మీరు పొద్దున తోముకునే పండ్లపుల్లకు యాడికి పోతారు?"

"ఊరి మేలు కోసం చేస్తాండాం. నీకు పండ్లపుల్లల గోల!" అన్నాడు నాగసుబ్బయ్య.

"ఇది గూడా చెట్టే గదా?"

"చెట్టేనమ్మా," అన్నాడు కంబన్న ఓర్పుగా, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు. "కానీ ఇది లెక్కలో లేదు. లెక్క ఈ ఏడాది నాటినవాటికే."

అయినా చిక్కు తీరలేదు. గుంత తీద్దామంటే ఎటు చూసినా కానుగ వేళ్లే. చెట్టును మొదలంటా తీసేస్తే తప్ప మొక్కకు చోటు లేదని ముగ్గురు మగవాళ్లూ తేల్చారు. ఓబులేసు బర్రెను విప్పి అవతల వదిలి, చెట్టు చుట్టూ గుండ్రంగా తవ్వడం మొదలుపెట్టాడు.

"మన్ను గట్టిగా ఉండాది. నాలుగు కడవల నీళ్లు పోస్తే మెత్తబడతాది," అన్నాడు.

"బావిలో నీళ్లు ఒక్క చుక్క ఇయ్యను," అంది సుందరలక్ష్మి. "వానలు పడేదాకా అవి తాగడానికే సాలవు. కావల్లంటే ఇవి పోసుకోండి." అంట్లు కడిగిన నీళ్ల బాన ఎత్తి చెట్టు మొదట్లో కుమ్మరించింది. రోజూ పోసేదే. మొదటిసారి ఏడుస్తూ పోసింది.

ఓబులేసు గొడ్డలి అందుకున్నాడు. అంతలో కంబన్న కెవ్వుమన్నాడు.

బర్రె తొట్టి దగ్గర నిలబడి నింపాదిగా నెమరేస్తోంది. దాని కాళ్ల దగ్గర తడిగుడ్డ ఒక్కటే మిగిలింది.

"గవర్నమెంటు మొక్కప్పా అది!" అని కంబన్న తల పట్టుకున్నాడు. "ఇప్పుడు యాడ తెచ్చేది?"

జవాబుగా వీధిలో జీపు ఆగింది. దారిలో రెండు ఊళ్లకు మొక్కలే చేరకపోవడంతో, అధికారి గంట ముందే వచ్చేశాడు. ఓబులేసు గొడ్డలి వీపు వెనక దాచుకున్నాడు. నాగసుబ్బయ్య పూలదండ పట్టుకుని పెళ్లగించిన పెరట్లో నిలబడ్డాడు.

అధికారి పెరడంతా కలయజూశాడు. లేపిన బండలు చూశాడు. తవ్విన గుంత, అందులో తడి మన్ను, మధ్యలో కొమ్మలు కొట్టిన కాండం చూశాడు.

"భేష్!" అన్నాడు. "పొద్దుటినుంచి చూస్తున్నాను, అందరూ బెత్తెడు పుల్లలు చూపిస్తున్నారు. మీరు ఏకంగా ఎదిగిన చెట్టునే తెచ్చి నాటారా! ఎక్కడి నుంచి తెచ్చారు?"

నాగసుబ్బయ్య కంబన్నను చూశాడు. కంబన్న ఆకాశాన్ని చూశాడు.

"మా అత్త ఇచ్చింది దొరా," అంది సుందరలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"చూశారా, ఆవిడకు ఆనందబాష్పాలు!" అన్నాడు అధికారి తన వెంట వచ్చిన గుమాస్తాతో. "మరి దీన్ని ఎట్లా కాపాడతారమ్మా?"

"అంట్లు తోమిన నీళ్లు పోస్తాం. రాలిన ఆకు చేన్లోకి తోలిస్తాం. అంతే గదా దొరా, దానికింకేం కావల్ల?"

గుమాస్తా కాగితం మీద "శాస్త్రీయ పద్ధతిలో పోషణ" అని రాసుకున్నాడు. అధికారి మూడు దోసిళ్ల మన్ను వేసి, చప్పట్ల మధ్య చేతులు కడుక్కున్నాడు. గుమాస్తా కాండానికి రేకుముక్క మీద నంబరు వేసి బిగించాడు. ఇకమీదట అది సర్కారు చెట్టు, దానిమీద గొడ్డలి పడితే శిక్ష తప్పదని హెచ్చరించాడు. ఓబులేసు గోడవారగా జరిగి, గొడ్డలిని గడ్డివాములోకి తోసేశాడు.

వెళ్తూ వెళ్తూ అధికారి నాగసుబ్బయ్య భుజం తట్టాడు. "బండల వ్యాపారి అయుండి మొక్క కోసం సొంత పెరట్లో బండలన్నీ పెరికించారు. ఇంతకంటే త్యాగం ఏముంది? మా కచేరీ ఆవరణలో బండలు పరిపించాలనుకున్నాను. మిమ్మల్ని చూశాక సిగ్గేసింది. ఆ పని రద్దు చేయిస్తాను. అంతా మట్టిగానే ఉంచి మొక్కలు నాటిస్తాను."

జీపు దుమ్ము అణిగాక నాగసుబ్బయ్య గుంత పక్కన గొంతుక్కూర్చుని, "ఏమే, ఇది చిగురేస్తాదా?" అన్నాడు.

"ఎయ్యకపోతే మీకు జైలే," అంది సుందరలక్ష్మి. "లేయండి, బర్రెను తెచ్చి కట్టండి."

నెల తిరక్కుండానే కానుగ చిగురేసింది. ఏడాది తర్వాత వచ్చిన రిపోర్టు ప్రకారం తాలూకాలో నాటిన నాలుగు వందల పన్నెండు మొక్కల్లో బతికింది అదొక్కటే. ఏడాదిలోనే అది మిద్దె ఎత్తు ఎదగడం అధికారుల నిరంతర పర్యవేక్షణ ఫలితమని అందులో రాశారు.