బావిలో దొరికిన పళింగు

మార్గళి నెల, అంటే ధనుర్మాసపు భజన తన ఇంట్లో జరగాలని బాలగోపాలరాజా ఎన్నో ఏళ్ళు ఎదురు చూశాడు. చివరికి మండలి పెద్ద ధర్మరాజా మామ సరేనన్నాడు. మరునాడే మొదలు. తమిళనాట తెలుగు రాజులుండే రాజపాళయంలో అది సామాన్యమైన గౌరవం కాదు. అందుకే ఆ ఉదయం, చోళపురం పొలంలో బావి తవ్వినప్పుడు దొరికిన ఊదారంగు పళింగు రాయిని, అంటే స్ఫటికాన్ని, అమ్మేయాలని భార్య పంకజం పట్టుబట్టింది. గుమ్మడికాయంత రాయి, పెరుమాళ్ పటం పెట్టాల్సిన చోట కూర్చుంది మరి.

ఆయన పలక తీసుకుని తమిళంలో దాని వర్ణన రాయబోయాడు. తమిళంలో రాయిని కల్లు అంటారు. తెలుగు ఇంట్లో కల్లంటే తాటిచెట్టు నుంచి దించేది. మద్యనిషేధం రోజుల్లో భక్తుడు ఆ మాట రాయవచ్చునా? ఆలోచించి 'ల' చెరిపి, బరువైన 'ళ' పెట్టాడు. తమిళంలో తాగేదానికి ఉండేది సరిగ్గా ఆ 'ళ' అని ఆయనకు తట్టలేదు. "అసలైన పళింగు కళ్ళు. పాతది, కల్తీ లేదు. ఒకసారి చూసినవారు మళ్ళీ వస్తారు" అని ముగించి, పలకను వాకిట్లో తగిలించి జపానికి కూర్చున్నాడు.

జపం సగంలో పంకజం వచ్చింది. "ఏమండీ, తిన్నె నిండా జనం కూచోని ఉండారు."

"రాయి చూసినారా?"

"చూపించినాను. దాన్ని పక్కకు నెట్టి, కుండ ఎక్కడని అడుగుతా ఉండారు."

ఆయన బయటికి వెళ్ళి, ఇది నేల లోపల దొరికిన సరుకని వివరించాడు. పాతిపెట్టారన్నమాట అని వాళ్ళు గొంతు తగ్గించారు. మత్తు లేదని ఒట్టు వేస్తే, జాగ్రత్త గల మనిషని మెచ్చుకున్నారు. ఇంతలో పోలీసు దామోదరన్ సైకిలు దిగి, పలక చదివి, పెరడంతా తవ్వించాడు. తులసి కోట దగ్గర మాత్రం ఆగాడు. చివరికి రాయిని చూసి సంగతి గ్రహించి, ఆ 'ళ'ను వేలితో చెరిపి, జనాన్ని తరిమి వెళ్ళిపోయాడు.

మామకు తెలిస్తే భజన పోయినట్టేనని బాలగోపాలరాజా తల పట్టుకున్నాడు.

"ఒక అక్షరానికి అంత ఆలోచించినారే, నన్ను ఒక మాట అడగకూడదా?" అంది పంకజం.

అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. ధర్మరాజా మామ. ఆయన ముఖం చూడలేక బాలగోపాలరాజా చేతులు జోడించాడు. "మామా, అది ఒట్టి రాయి. పలకలో తప్పు రాసినాను. తాగేది ఈ ఇంట్లో లేదు."

మామ ముఖం చిన్నబోయింది. ఆయన అంగవస్త్రం కింద నుంచి ఇత్తడి చెంబొకటి జారి గడప మీద మోగింది.

"భజన నీ ఇంట్లోనేరా," అన్నాడు మామ మెల్లగా. "నేను ఇటు వచ్చినది మాత్రం ఎవరికీ చెప్పవద్దు."

ఇంటికి వచ్చిన చెంబు ఖాళీగా పోకూడదని పంకజం దాన్ని మజ్జిగతో నింపింది.