పక్షం రోజుల పాటకు జేజేలు

ఈ కాలపు పాప్ స్టార్లు మానవజాతికి చేస్తున్న మేలు ముందు పెన్సిలిన్ కూడా దిగదుడుపే!

నవ్వకండి. వాళ్ళ పాటలు పక్షం రోజుల్లో చచ్చిపోతున్నాయి. పుట్టిన రోజున కోట్లమంది వింటారు, మూడో వారానికి పాడినవాడు కూడా మరిచిపోతాడు. వచ్చామా, ఊపామా, వెళ్ళామా! ఇంత మర్యాద తెలిసిన కళ చరిత్రలో ఇంకెప్పుడైనా ఉందా?

పాత పాటల దౌర్జన్యం మీకు తెలియనిది కాదు. ఒకసారి చెవిలో దూరిందంటే జన్మంతా ఖాళీ చేయదు. పల్లవి, చరణాలు, మధ్యలో ఫ్లూటు బిట్టుతో సహా సామాను సర్దుకుని కూర్చుంటుంది. మేముండే న్యూజిలాండ్‌లో మొండి టెనెంట్‌ని ఖాళీ చేయించడానికి ట్రైబ్యునల్ ఉంది. మొండి పాటని ఖాళీ చేయించడానికి ఏ ఆఫీసుకి వెళ్ళాలి?

మా పేట రోటోటూనాలో లోకేశ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఒకమ్మాయి అతణ్ణి కాదంది. ఆ ఏడాది వచ్చిన పాట ఇండియన్ షాపులో వినిపిస్తే చాలు, ఇప్పటికీ కందిపప్పు ప్యాకెట్ పట్టుకుని విగ్రహంలా నిలబడిపోతాడు. వెనక క్యూ! భార్య వచ్చి భుజం తట్టి తీసుకెళ్ళాలి. మొన్న అతని కొడుక్కీ అదే కష్టం వచ్చింది. కుర్రాడు ఒక ఏడుపు పాట పెట్టుకున్నాడు. కన్నీళ్ళు ఆరేలోగా ఆ పాట చచ్చింది. సోమవారం జిమ్‌కి వెళ్ళాడు. చెప్పండి, ఏ తరం సుఖపడింది?

ఇంకో సంగతి. సీరియల్స్ రాసి వారం వారం పాఠకుణ్ణి కొండ అంచున వేలాడదీసి బతికినవాణ్ణి నేను. సస్పెన్స్ విలువ నాకు తెలుసు. పాత పాటలో సస్పెన్స్ ఏది? తర్వాతి లైను మనకి ముందే వచ్చు! కొత్త పాటలో తర్వాతి లైను ఎవరికీ తెలియదు. చాలాసార్లు ఉండదు కూడా.

అయితే టాలెంట్ లేదంటారా? అపచారం! ఎంత టాలెంట్ లేకపోతే ఒక మనిషి పరుగెడుతూ, గెంతుతూ, పొగలోంచి పైకి లేస్తూ, అభిమానులకి ముద్దులు విసురుతూ, పెర్ఫ్యూమ్ అమ్ముతూ పాడగలడు? అన్నీ అయ్యాక మిగిలిన పదిహేను సెకన్లలో పాట పెడతాడు. ఆ ముక్కని హుక్ అంటారు. చేపకి వేసేదాన్నీ అదే అంటారనుకోండి.

ఇంత సుభిక్షంగా ఉన్న లోకంలో హిమజ అనే ఆవిడ ఉంది.

హిమజ వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. శనివారం పొద్దున మాత్రం కమ్యూనిటీ హాల్లో మన పిల్లలకి డాన్స్ నేర్పుతుంది. ఆగస్టులో మా తెలుగు సంఘం వార్షికోత్సవం. పిల్లల డాన్స్‌కి పాట మేలో ఎంచుకోవాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. స్టెప్పులు నేర్చుకోవడానికి రెండు నెలలు పడుతుంది. పాట బతికేది రెండు వారాలు!

పోయినేడు పిల్లలు సగం డాన్స్ నేర్చుకునేసరికి పాట పోయింది. "ఆంటీ, దట్స్ సో ఓల్డ్!" అని మొహం తిప్పేసుకుని, ఫంక్షన్‌కి వారం ముందు అందరూ డ్రాప్ అయ్యారు. ఈ ఏడాది మొదటి పాట జూన్‌లో పోయింది. రెండోది జులై మొదట్లో స్కూలు సెలవుల్లో పోయింది. జులై చివర మూడోది పట్టుకుంది.

"ఈసారీ పిల్లలు స్టేజీ ఎక్కకపోతే క్లాసు మూసేస్తానంకుల్," అంది నాతో. "నా కూతురే రానంటోంది. ఇంక ఎవరి పిల్లల్ని బతిమాలను?"

ఆ కూతురు కీర్తన, పదకొండేళ్ళది, పక్కనే ఉంది. "మమ్, నేను రాననలేదు. ఎప్పటికైనా ఫినిష్ చేస్తామా అని అడిగానంతే."

నేను ఓదార్చాను. మూడు డాన్సుల మొదళ్ళు వచ్చాయి కదమ్మా, చివర్లు ఎవడిక్కావాలి అన్నాను. ఆవిడెందుకో నా మాటకి సంతోషించలేదు.

ఆ మూడో పాట అభినయ్‌ది. అభినయ్ అంటే మీ ఇంట్లో పదేళ్ళ పిల్లల్ని అడగండి, జుట్టు ఏ రంగో కూడా చెబుతారు. అతను ఆక్లాండ్‌లో షో చేయడానికి వస్తున్నాడని తెలిసి మా సంఘం అధ్యక్షుడు శ్రీపతి ఎలాగో పట్టుకుని మర్నాడు ఇక్కడికి రప్పించాడు. సాక్షాత్తూ ఆ గాయకుడి ముందే అతని పాటకి మన పిల్లల డాన్స్! పిల్లలు ఇక్కడి ఆగస్టు చలికి పట్టు లంగాల మీద పఫర్ జాకెట్లు వేసుకుని, మధ్యాహ్నం నుంచే హాల్లో తయారుగా ఉన్నారు.

అభినయ్ వచ్చాడు. వెంట వంశీ అని మేనేజరు. ప్రోగ్రాం వివరాలు వినగానే వంశీ చెయ్యెత్తాడు.

"సారీ అండీ. ఆ పాట ప్లే చేయకూడదు."

"అది మీ పాటే కదా సామీ!" అన్నాడు శ్రీపతి. ఆయనది కడప.

"మాదే. కానీ నెల దాటింది. శుక్రవారం కొత్త సింగిల్ రిలీజైంది. స్టేజీ మీద పాతవి వినిపిస్తే బ్రాండ్‌కి దెబ్బ."

"నెలకే పాతదా? మా ఇంట్లో పెరుగు కూడా ఇంకా నయమే కదప్పా!"

వంశీ కరగలేదు. శ్రీపతి హిమజ వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఏం చేద్దామమ్మా... పిల్లల టైములో లక్కీ డ్రా పెట్టేద్దామా?"

హిమజ గజ్జెల సంచి తీసి, ఒక్కో పిల్ల కాళ్ళకి కట్టిన గజ్జెలు విప్పడం మొదలుపెట్టింది. చిన్నవాళ్ళిద్దరు ఏడ్చారు. కీర్తన ఏడవలేదు, తన కాళ్ళు వెనక్కి లాక్కుంది.

సరిగ్గా అప్పుడు అభినయ్ ఒక ఘోరం చేశాడు. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి, ట్రాక్ లేకుండా, కళ్ళు మూసుకుని ఊరికే ఏదో పాడాడు.

కుర్చీలు వేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. పిల్లల ఏడుపు ఆగింది. శ్రీపతి నోటి దగ్గరికి వెళ్ళిన సమోసా అక్కడే ఉండిపోయింది. ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ? అంత పొగలో కనిపించి చావలేదు!

"ఈజ్ దట్ యువర్ న్యూ వన్, అంకుల్?" అంది కీర్తన.

అంకుల్ అన్నందుకు అతను కాస్త నొచ్చుకున్నట్టున్నాడు. "కాదమ్మా. పాతది. అమలాపురంలో ఉన్నప్పుడు నేనే కట్టుకున్నా."

"మరి ఎందుకు పాడరు?"

మేనేజరు జవాబిచ్చాడు. "అందులో హుక్ లేదు పాపా. నాలుగు నిమిషాలుంటుంది. ఎవరు వింటారు?"

"వియ్ జస్ట్ డిడ్," అంది ఆ పిల్ల.

హిమజ లేచింది. "బాబూ, ఏ తాళం అది?"

"ఆదితాళమేనండి."

"అయితే పాడు. పిల్లల సంగతి నేను చూసుకుంటా."

"బ్రో, ఇది కాంట్రాక్టులో లేదు," అన్నాడు వంశీ.

అభినయ్ మైకు మీద వేలితో తట్టాడు. "సౌండ్ చెక్ ఉంది కదా బ్రో. జనం వచ్చాక ఇంకోసారి చెక్ చేసుకుంటా."

హాలు నిండాక శ్రీపతి మైకు తీసుకుని, "సౌండ్ చెక్ జరుగుతుంది, దయచేసి ఓపిక పట్టండి," అని ప్రకటించాడు. అందుకే జనం ఫోన్లు తీయలేదు. అభినయ్ పాడాడు. హిమజ స్టేజీ పక్కన నిలబడి చేతులతో చూపిస్తుంటే పిల్లలు ఆడారు. మొదటి పాట మొదలు, రెండో పాట మొదలు, మూడో పాట మొదలు, అన్నీ తాళంలో కలిసిపోయాయి. ఒక పిల్ల ఎడమకి వెళితే ఇద్దరు కుడికి వెళ్ళారు. అయినా చివరి ముక్తాయింపు దగ్గర అన్ని కాళ్ళూ ఒక్కసారే నేలని తాకాయి. ఫినిష్ చేశారు!

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక్క ఫోనూ పైకి లేవలేదు. ఇది సౌండ్ చెక్ కాదని తెలిసిపోయాక కూడా! హాలు నిండా తెలుగువాళ్ళు, స్టేజీ మీద కన్నబిడ్డలు, ఫోన్లు జేబుల్లో! ఇంతటి బాధ్యతారాహిత్యం నేనెక్కడా చూడలేదు.

తర్వాత పొగ వచ్చింది, లైట్లు వచ్చాయి, కొత్త సింగిల్ వచ్చింది. అందరూ శ్రద్ధగా రికార్డు చేసుకున్నారు.

ప్రోగ్రాం అయ్యాక కుర్చీలు దొంతర్లు పెట్టి, నేల తుడిచి తాళం ఇవ్వాలి, ఇక్కడి హాళ్ళ పద్ధతి అది. ఆ కుర్చీలు సర్దుతున్నవాళ్ళ నోళ్ళలో ఆడుతున్నది ఏ పాట? రికార్డు చేసుకున్నదా? కాదు! ఆ దిక్కుమాలిన సౌండ్ చెక్!

పక్షం గడిచింది, ఆ పాట చావలేదు. నెల గడిచింది. బస్సులో హమ్ చేస్తున్నారు. తెలుగు మాట్లాడమంటే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలు తప్పుల్లేకుండా పల్లవి పాడుతున్నారు. హిమజ క్లాసులో కొత్త పిల్లలు చేరారు. వచ్చే ఏడు పూర్తిగా ఆ పాటే నేర్పుతుందట, వేరేది ముట్టనంటోంది. నా సిద్ధాంతానికి ఇంతకంటే అవమానం ఏముంది?

పాట మొత్తం పంపమని హిమజ వంశీకి మెసేజ్ పెట్టింది. ఇప్పటి మార్కెట్‌కి సరిపడదు కాబట్టి రికార్డు చేసే ఆలోచన లేదని జవాబొచ్చింది. అభినయ్ నంబరు ఇవ్వరట. అతను మెల్‌బోర్న్‌లో పొగలోంచి పైకి లేస్తున్నాడట. అంత గొంతు!

సరే, ఒక పాట పీడ విరగడైందని నేను పండగ చేసుకోవాలి కదా? చేసుకునేవాణ్ణే. కానీ కీర్తనకి పల్లవి, మొదటి చరణం వచ్చు. రెండో చరణం రెండు లైన్లు శ్రీపతికి వచ్చు. ఆ తర్వాతి లైను ఎవరికీ అందడం లేదు. నాకు నిద్రలో వస్తోంది, లేచేసరికి పోతోంది.

ఆ రోజు మీరు ఆ హాల్లో ఉన్నారా? వెనక వరసలో నిలబడ్డా సరే. శనివారం పొద్దున క్లాసు టైముకి రండి. గొంతు బాగోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.