గురువారం వెళ్ళే మామూలు చోటు

ఆ గురువారం ఉదయం ఎమ్లిన్‌కి ఉన్న పని చాలా చిన్నది. రెండు నెలల కిందట పోయిన బావ ఇద్వల్ కార్లు రెంటినీ బాలా ఊరు దాటాక వచ్చే కొండదారిలో నడిపి, ఏది మేలో అక్క నెరిస్‌కి చెప్పాలి. నెరిస్ కొత్తగా కొన్న చిన్న ఇంట్లో ఒక్క కారుకే చోటుంది. రెండోది ఏదైనా సరే తీసుకుంటానన్నాయన పన్నెండింటికి వస్తున్నాడు.

"ఏది బాగా పరిగెడుతుందో నాకెందుకురా. ఆయన దేన్ని ప్రేమించాడో అది చెప్పు," అంది నెరిస్.

ముందు ఎర్ర ఫ్రెంచి కారు. నలభై ఏళ్ళది, రేకుడబ్బా అంత తేలిక. స్టీరింగు తిప్పితే భుజాలు పడిపోతాయి. మలుపులో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే వెనక భాగం పక్కకొచ్చి పలకరిస్తుంది. ఎమ్లిన్ చెమటలు కక్కుకుంటూ, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

తర్వాత తెల్ల జపాను కారు, రెండేళ్ళది. పక్కన నెరిస్ కూడా ఎక్కింది. తలుపు వేయగానే సీటు దానంతటదే వెనక్కి జరిగింది. అద్దాలు మెల్లగా కదిలి, పొడగరి ఇద్వల్ కళ్ళకి సరిపడేలా ఆగాయి. బయట వేల్స్ కొండల మంచులో గొర్రెలు వినబడుతున్నాయి గాని కనబడటం లేదు.

"శుభోదయం, ఇద్వల్," అంది కారు. "ఇవాళ గురువారం. మామూలు చోటికేనా?"

నెరిస్ తమ్ముడి వైపు తిరిగింది. "ఏ మామూలు చోటురా?"

"పాటల సాధనకేమో అక్కా."

"ఆయనా అదే చెప్పేవాడు. నువ్వూ ఆ బృందంలోనే పాడతావుగా. మీ సాధన మంగళవారం కాదూ?"

ఎమ్లిన్ అక్కడితో నోరు మూసుకోవలసింది. "మంద్ర గొంతు వాళ్ళకి గురువారం విడిగా ఉండేది."

"ఆయనది హెచ్చు గొంతు."

"వాళ్ళకీ ఉండేది."

"పోనియ్యి అక్కడికే."

ఇంజను హోరు కూడా స్పీకర్లలోంచే వస్తోంది. ఎమ్లిన్ మలుపులో తప్పు చేయబోయిన ప్రతిసారీ స్టీరింగు తనే సర్దుకుంది. పోయినాయన చెయ్యి పట్టుకుని దిద్దుతున్నట్టు అతనికి అనిపించింది.

"పదకొండేళ్ళ గురువారాలు," అంది నెరిస్ కిటికీ అద్దంతో. "ఆయన వచ్చేసరికి చల్లారకూడదని పులుసు పొయ్యి మీద పెట్టుకుని కూర్చునేదాన్ని."

దారి ఒక ఒంటరి పొలమింటి ముందు ఆగిపోయింది. గుమ్మంలో ఎవరో ఆడమనిషి. నెరిస్ దిగబోతుంటే, ఆ మనిషి తెల్ల కారుని చూసి ద్వారబంధం పట్టుకుంది.

"దగ్గరికి రాకు ఇద్వల్. నిన్ను పాతిపెట్టారని పేపర్లో చదివాను."

దగ్గరికెళ్ళి చూస్తే ఆమెకి ఎనభై దాటి ఉంటాయి. పేరు ఓల్వెన్.

"నేను ఆయన భార్యని. ఇక్కడికెందుకొచ్చేవాడో చెప్పండి."

"నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడమ్మా," అంటూ ఓల్వెన్ గడ్డికొట్టం తలుపు తీసి, చీకట్లో దేనిమీదో కప్పిన పట్టా లాగింది.

అచ్చం అలాంటిదే ఇంకో ఎర్ర ఫ్రెంచి కారు. అదే ఏడాదిది. కళ్ళలాంటి ముందు దీపాలు లేవు, తలుపులు లేవు, ఇంజను లేదు.

"ఇంట్లోదానికి ఏది పాడైతే అది దీన్నుంచి విప్పుకుపోయేవాడు. రెండోది కొన్నానని తెలిస్తే నా భార్య చంపేస్తుంది అనేవాడు."

నెరిస్ గడ్డిమోపు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. "పిరికిపంద. నాలుగు తిట్టి ఊరుకునేదాన్నిగా."

"అయితే ఎర్రది ఉంచుకుంటావు, అంతేనా?" అన్నాడు ఎమ్లిన్, గండం గడిచిందనుకుని.

"ఎర్రవి రెండూ. ఇది లేకపోతే అది బతకదు."

"తెల్లది అమ్మేద్దామా మరి?"

"ఎలా అమ్ముతాను? మగాళ్ళు మీరిద్దరూ అబద్ధాలాడారు. నాతో నిజం చెప్పింది అదొక్కటే."

పన్నెండింటికి కారు కోసం వచ్చినాయనకి నెరిస్ టీ ఇచ్చి, ఒక్క కారే పట్టే చిన్న ఇల్లేమైనా కావాలా అని అడిగింది.