ధాతువు డిప్యుటేషన్

సోమవారం ఉదయం పదకొండు గంటలకు ధాతువు అనే మాటను వ్యాకరణ శాఖ నుంచి గనుల శాఖకు డిప్యుటేషన్ మీద పంపించేశారు. అది ఏళ్ల తరబడి మూడు చోట్ల పనిచేస్తోంది. వ్యాకరణంలో క్రియలకు మూలం, గనుల్లో ముడి ఖనిజం, ఆయుర్వేదంలో ఒంట్లోని రక్తమాంసాదులు. ఆయుర్వేదం వారికి పాపం శుక్రవారం మధ్యాహ్నాలే దొరికేది. ఇప్పుడు ఒక మాటకు ఒకే శాఖ అని జీవో వచ్చింది. గనుల శాఖకు మంత్రిగారున్నారు, లారీలున్నాయి. వ్యాకరణానికి ఒక బీరువా ఉంది. ఇంకేం, తేలిపోయింది.

రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం పెట్టాల్సింది సూపరింటెండెంట్ వేదవతి. ఆవిడ అనంతపురంలో, భర్త సూర్యారావు శ్రీకాకుళంలో. ఆరేళ్లుగా కాపురమంతా ఫోన్లోనే. ఆ మధ్యాహ్నమే కమిషనర్ గారు బదిలీ విన్నపాలు వింటారు, అదీ నోటిమాటగానే. ఆ హడావిడిలో ఆవిడ బల్ల మీది పనులు గబగబా తెముల్చుకుంటోంది.

ధాతువు టిఫిన్ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో తటపటాయించింది.

"మేడమ్, నేను పోతే క్రియలన్నీ నాతోనే వచ్చేస్తాయి. పర్లేదా?"

"జీవోలో క్రియల ఊసే లేదు నాయనా. పన్నెండులోపు చేరకపోతే నీకో మెమో, నాకో మెమో. బయల్దేరు."

అది దండం పెట్టి మెట్లు దిగింది. క్రియలు కూడా దిగిపోయాయి.

ఊళ్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. "రెండు టీ, ఒకటి చక్కెర తక్కువ!" అంటే టీ వచ్చింది. "టవర్ క్లాక్, ఇద్దరం" అంటే ఆటో కదిలింది. ఆఫీసుల్లో అయితే, చెప్పొద్దూ, ఆ రోజు రెట్టింపు ఫైళ్లు తేలాయి. "తగు చర్య నిమిత్తం", "పై అధికారుల పరిశీలనార్థం". వీటికి క్రియలతో ఏనాడు పనిపడింది గనక!

క్రియ కావలసింది అడుక్కునేవాళ్లకేనని వేదవతికి కమిషనర్ ముందు నిలబడ్డాక తెలిసింది.

"సార్, నేను... శ్రీకాకుళం... మా ఆయన... ఆరేళ్లు..."

"శ్రీకాకుళమా? చక్కటి ఊరు."

"నేను, సార్! నేను... అక్కడ..."

"తగు సమయంలో తగు నిర్ణయం. నెక్స్ట్!"

ఆయనకు ఏ లోటూ తెలియలేదు. ఆవిడకు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

సాయంత్రం సూర్యారావు ఫోన్.

"ఏమే, ఎప్పుడు?"

వేదవతి జవాబుకు ఒక క్రియ కోసం వెతుక్కుంది. ఒక్కటీ మిగల్లేదు. చివరికి నోటికి దొరికిన ఆఫీసు మాటే అంది.

"త్వరలో."



"చిత్తం మేడమ్," అన్నాడు సూర్యారావు.