గొట్టాలన్నింటికీ ఒకే రంగు

ఆ ఉదయం కెమిస్ట్రీ మేడం వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటు లేదు. ఏడింటికి చేపలకు మేత. ఏడున్నరకు నీటిలో ఉప్పు కొలత. ఎనిమిదింటికి ప్లంబరు వచ్చి కారుతున్న కుళాయి ఒకటి మార్చాలి. పదకొండింటికి అపార్టుమెంటు సంఘం సభ్యులు మేడమీదికి వచ్చి, ఆమె తొట్టిని చూసి, ఓటు వేయాలి. ఓటు వీగిపోతే సాయంత్రంలోగా తొట్టి తొలగించాలని నోటీసు అంటించి పోయారు. ముప్పయ్యేళ్లు కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన ఆమెకు ఆ తొట్టి నాలుగేళ్ల కష్టం.

తొట్టిలో సముద్రమంత ఉప్పున్న నీరు, ఆ నీటిలో పద్దెనిమిది పండుగప్ప చేపలు. చేపలు మురికి చేసిన నీటిని మోటారు తొట్టికి పైవరుసలో ఉన్న మడుల్లోకి ఎక్కిస్తుంది. ఉప్పంటే ప్రాణం పెట్టే లావుపాటి ఆకుకూర అక్కడ ఆ మురికినే ఎరువుగా తిని, నీటిని తేర్చి, మళ్లీ తొట్టిలోకి వదులుతుంది. ఎండకు ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కనుక, రోజుకొక బిందెడు మంచినీళ్లు కలిపితే చాలు. గుప్పెడు మట్టి అక్కర్లేకుండా చేపా, కూరా రెండూ చేతికొస్తాయి. ఇంత సులువైన సంగతి సంఘం అధ్యక్షుడైన పళ్ల డాక్టరుకు నాలుగేళ్లుగా బుర్రకెక్కలేదు. "మేడమీద సముద్రమేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అన్నదే ఆయన వాదన మొత్తం.

మేడం లెక్కలోకి తీసుకోని పదార్థం ఒకటి మిగిలింది. అది ఆమె భర్త. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పిల్లలైనా, గొట్టాలైనా, వరుసలో నిలబడ్డవాటికి యూనిఫారం లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఉప్పునీటి గొట్టాలకు ఎర్ర పట్టీ, మంచినీటి గొట్టాలకు నీలం పట్టీ అని భార్య చుట్టిపెట్టిన గుర్తులు ఆయన కంటికి కొత్త చొక్కా మీద అతుకుల్లా కనిపించాయి. ఆమె ఉప్పు కొలిచి, సంఘం ముందు చదవవలసిన ఉపన్యాసానికి సాపు ప్రతి రాసుకోవడానికి కిందికి దిగిందో లేదో, ఆయన పట్టీలన్నీ ఊడబీకి గొట్టాలన్నింటికీ తెల్లరంగు పులిమేశారు.

సరిగ్గా ఎనిమిదింటికి ప్లంబరు వచ్చాడు. తడి రంగు వేళ్లకు అంటుకుంటే ప్యాంటుకు తుడుచుకుని అడిగాడు: "సార్, వీటిలో ఏది ఏ గొట్టం?"

"ఇప్పుడు అన్నీ ఒకటే!" అన్నారు మాస్టారు సగర్వంగా.

ప్లంబరు ఆ మాటను శాస్త్రంగా స్వీకరించాడు. కుళాయి మార్చడానికి ఊడదీసిన గొట్టాల్లో తనకు దగ్గరగా కనిపించిన రెండింటిని కలిపి బిగించాడు. అందులో ఒకటి మోటారుది, రెండవది భవనం మొత్తానికి నీళ్లిచ్చే ట్యాంకుది. అందరి స్నానాలూ అయి అడుగంటి ఉన్న ఆ ట్యాంకులోకి మోటారు తన ధర్మం ప్రకారం సముద్రాన్ని ఎక్కించడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి మేడం ఇంటి తలుపు దబదబ మోగింది. తీస్తే మూడో అంతస్తు అత్తగారు, చేతిలో కాఫీ గ్లాసు. వెనకాలే కోడలు.

"మేడం, మీరు కెమిస్ట్రీ చదివారు. ఇందులో ఏం కలిపిందో తేల్చి చెప్పండి. నిన్న వాళ్ల అక్కని ఒక మాటన్నానని నా మీద కక్ష తీర్చుకుంటోంది!"

"అయ్యో, చక్కెర డబ్బాలోంచే వేశాను అత్తయ్యా! కావాలంటే డబ్బా తెస్తానుండండి."

"డబ్బా ఎందుకులేవే, నీ మనసు గ్లాసులోనే కనిపిస్తోంది."

మేడం కాఫీని నాలుక చివర ఆనించింది. ఆ రుచి ఆమెకు నాలుగేళ్లుగా పరిచయం. గ్లాసును అత్తగారి చేతిలోనే పెట్టి, "ఎవరూ కుళాయి నీళ్లు తాగకండి!" అని అరుస్తూ, మోకాళ్ల నొప్పులున్న సంగతి మరిచి మెట్లెక్కింది.

తొట్టిలో జానెడు నీళ్లు మిగిలాయి. పద్దెనిమిది చేపలూ పక్కకు ఒరిగి తోకలు కొట్టుకుంటున్నాయి. మాస్టారు బ్రష్షు చేత పట్టుకుని ఎదురొచ్చారు. "చూశావా, ఎంత నీటుగా ఉందో!"

"చేపలకు కూడా వేయకపోయారా, ఆ లోటెందుకు?" అంది ఆమె మోటారు ఆపుతూ. "ఏమండీ, ఆ పట్టీలు ఎందుకు చుట్టాననుకున్నారు? గొట్టాలకు జలుబు చేసిందనా?"

అదనంగా కలిపి దాచిన ఉప్పునీరు ఆరు డ్రమ్ములుంది. మాస్టారూ ప్లంబరూ గొట్టాలు విడదీసి, దానిని తొట్టిలోకి మోసిపోసేసరికి పది దాటింది. చేపలు నిటారుగా ఈదసాగాయి. మేడం సాపు ప్రతిని చింపి, కాగితం వెనుక రెండే వాక్యాలు రాసుకుంది: తప్పు మాది, ట్యాంకు మేమే కడిగిస్తాం. ఇక ఓటు పోయినట్టేనని ఆమెకు తెలుసు. అయినా ముప్పయ్యేళ్లలో ఒక్క ప్రయోగ ఫలితాన్నీ ఆమె దిద్దలేదు.

పదకొండింటికి సభ్యులు సందడిగా మేడెక్కారు. అందరి ముందూ పళ్ల డాక్టరు. ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"ఐదేళ్లుగా గొంతు చించుకుంటున్నాను, మన బోరులోకి ఉప్పు వస్తోందీ అని! ఒక్కరన్నా విన్నారా? ఇవాళ కింది అంతస్తులో నా క్లినిక్కులో పుక్కిలించిన పేషెంటే, ఉప్పునీళ్లు భలే పనిచేశాయి డాక్టరుగారూ, అన్నాడు!"

"ఉప్పొచ్చింది బోరులోంచి కాదు, నా తొట్టిలోంచి," అంది మేడం. "గొట్టం తప్పు కలిసింది."

డాక్టరు చేతులు జోడించాడు. "పెద్దవారు. అత్తాకోడళ్లు కొట్టుకోకూడదని నింద మీద వేసుకుంటున్నారు."

"నేనెవరి నిందా మోయడం లేదు. ఇదిగో ప్లంబరు, అడగండి."

ప్లంబరు ఒకసారి గొట్టాల వైపు, ఒకసారి గుంపు వైపు చూశాడు. "ఇరవయ్యేళ్ల సర్వీసు సార్ నాది. ఇది బోరే."

మేడం కిందికి దిగి, బోరు నీళ్లు గ్లాసులో పట్టి తెచ్చి, అందరి ఎదుటా ఉప్పు కొలిచే మీటరు ముంచింది. ఉప్పు జాడ లేదు.

"ఇప్పుడుండదు," అన్నాడు డాక్టరు జాలిగా. "వచ్చిపోయింది."

"ఉప్పు చుట్టపు చూపుగా వచ్చిపోదండీ!"

"ఆవేశపడకండి మేడం. మీ విలువ మాకివాళ తెలిసింది. రేపు బోరు పూర్తిగా ఉప్పయితే, ఉప్పునీళ్లలో తిండి పండించడం తెలిసిన మనిషి మనకు ఇంకెవరున్నారు? పైగా, తాగొద్దని మొట్టమొదట అరిచింది ఎవరు?"

"మేడమే!" అంది మూడో అంతస్తు అత్తగారు. ఆమె అప్పటికే కోడలి భుజం మీద చెయ్యి వేసి ఉంది. తప్పు బోరుది కావడం ఆమెకు మిక్కిలి సౌకర్యంగా ఉంది.

మేడం మూడోసారి చెప్పింది, కాగితం చూసి చదివింది, మినిట్స్‌లో రాయమని పట్టుబట్టింది. కార్యదర్శి రాశాడు: "తొట్టి యజమానురాలు సహజ వినయంతో బాధ్యత తమదేనన్నారు. సభ ఆమోదించలేదు." తర్వాత చేతులెత్తారు. తొట్టి ఉండాలని తీర్మానం ఏకగ్రీవం. మేడ మొత్తం ఆమెకే అప్పగించాలని, మరో నాలుగు తొట్లు కట్టాలని ఇంకొకటి. భవనంలోని ట్యాంకు, బోరు, కుళాయిల బాధ్యతలన్నీ ఆమెకే ఒప్పజెబుతూ మూడవది. ప్లంబరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"గెలిచావు కదా, ముఖం అలా పెట్టావేం?" అన్నారు మాస్టారు. ఆమె ఆ సాయంత్రమంతా నిలబడి ట్యాంకు ఖాళీ చేయించి, మూడుసార్లు కడిగించి, మంచినీళ్లు నింపించింది.

మర్నాడు ఆరింటికి తలుపు తట్టిన మొదటి ఫిర్యాదు, కుళాయి నీళ్లు చప్పగా వస్తున్నాయని.