బాయిలర్ మూత పక్కన చెప్పులు

ఆ రోజు సాయంత్రం శాంతకుమారిని బాన్సువాడ టాకీసుకు తీసుకుపోతానని వెంకట్రావు పొద్దున కాఫీ తాగుతూ మాట ఇచ్చేశాడు. అంతకుముందు ఆయన ఇచ్చిన సినిమా మాటలన్నీ మిల్లు బాయిలరే మింగేసింది. "ఈసారి అలా కాదు," అన్నాడు. "మధ్యాహ్నానికి బాయిలర్ శుభ్రం చెయ్యటం అయిపోతుంది. సాయంత్రానికి ఆవిరి ఎక్కేస్తుంది. దీపాలు పెట్టేసరికి ఇంట్లో ఉంటా." శాంతకుమారి రాత్రి వంటకు పప్పు తీసి పెట్టుకుంది. ఆమెకు మొగుడి మీద నమ్మకం లేక కాదు, బాయిలర్ మీద లేదు.

నిజాంసాగర్ రోడ్డులో కాలువ దాటగానే ఉండేది బసవపున్నయ్య ఉప్పుడు బియ్యం మిల్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద పొలాలు కొని, ఆ వడ్ల కోసం మిల్లు పెట్టిన మనిషి. కష్టజీవే. కానీ ఎవర్నీ నమ్మడు. ఇంట్లో మజ్జిగ గ్లాసు కూడా వెలుతురుకు ఎత్తి చూసి గాని తాగడు. వెంకట్రావు ఆ మిల్లుకు మేనేజరు, అంటే ఆ అనుమానాలన్నిటికీ మొదటి వారసుడు.

ఎనభై రెండులో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, కూలీలు బాయిలర్ కడుపులోకి దిగి గీకడం చూసి గుండె పట్టుకున్నాడు. అప్పటినుంచి పర్మిట్ చీటీ పెట్టారు. బాయిలర్లోకి ఎవరు దిగినా చీటీ మీద పేరు రాయాలి, దిగేటప్పుడు ఒక వేలిముద్ర, బయటికి వచ్చాక ఒక వేలిముద్ర వెయ్యాలి, కింద యజమాని సంతకం ఉండాలి. బయటికి వచ్చిన ముద్ర పడితేనే చీటీ మూసినట్టు. చీటీ మూస్తేనే బాయిలర్ మూత వెయ్యాలి. బసవపున్నయ్యకు ఇది తెగ నచ్చేసింది. గోడ మీద బోర్డు కూడా రాయించాడు: 'పర్మిట్ లేకుండా లోపలికి దిగినవారు ఇంటికి పోవచ్చును.'

తండా నుంచి వచ్చే కూలీలకు మాత్రం అంతకుముందే వాళ్ళ పర్మిట్ ఒకటుండేది. లోపలికి దిగేవాడు చెప్పులు మూత పక్కన విడిచి దిగుతాడు. చెప్పులున్నంతసేపు లోపల మనిషి ఉన్నట్టే. విడిచినవాడు తప్ప ఇంకెవరూ ఆ చెప్పుల్ని ముట్టరు. ఈ పద్ధతి పెట్టింది తావుర్యా. బాయిలర్ పొయ్యి దగ్గర బతుకంతా నిలబడ్డ ముసలాయన, రెండేళ్ళ కింద జ్వరం వచ్చి పోయాడు. ఆయన భార్య మంగ్లి ఇప్పటికీ అదే మిల్లులో ఊక ఎత్తుతుంది. కూలీల పెద్ద హీరాబాయి చీటీని చూసిన మొదటి రోజే తీర్పు చెప్పింది. "చీటీ గాలికి ఎగిరిపోతది సారు. చెప్పులు యాడికి పోతయి?"

పొద్దున బసవపున్నయ్య జీపు ఎక్కుతూ వెంకట్రావును దగ్గరికి పిలిచాడు. "నేను నిజామాబాద్ వెళ్తున్నా. తొట్లలో వడ్లు నానుతున్నాయి. సాయంత్రానికి ఆవిరి రాకపోతే పులిసి పోతాయి. అవి పులిస్తే రేపట్నుంచి నీ కుర్చీలో ఇంకోడు కూర్చుంటాడు. ఏమయ్యా, తెలిసిందా?"

"తెలిసిందండి."

"నా సంతకం లేకుండా ఆ మూత జోలికి పోవద్దు."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. కూలీలు భీమ్లా, లక్‌పతి ఆయన పొద్దునే సంతకం పెట్టి ఇచ్చిన చీటీ మీద ముద్రలు వేసి, మూత పక్కన చెప్పులు విడిచి, బాయిలర్లోకి దిగారు. పాచిపట్టిన సున్నపు పెచ్చులు గీకి, మధ్యాహ్నానికి బయటికి వచ్చారు. రెండో ముద్రలు పడ్డాయి. చీటీ మూసుకుంది. వాళ్ళిద్దరూ తమ చెప్పులు తొడుక్కుని, అందరితో కలిసి వేపచెట్టు కింద జొన్నరొట్టెల మూటలు విప్పారు. తిన్నాక ఫిట్టరు దేవిదాస్ నిచ్చెన ఎక్కి మూత పెట్టి బోల్టులు బిగించాడు, ఆవిరి గొట్టం తెరిచి వచ్చాడు. అంతా సవ్యంగా ఉందని వెంకట్రావు మనసులోనే సినిమాకు బయలుదేరాడు.

మిల్లు ఆగిన రోజు ఆ నిశ్శబ్దం చెవిలో దూరి కూర్చుంటుంది. యాసంగి ఎండకు పైన రేకులు అప్పుడప్పుడు టకటకమంటున్నాయి. పొయ్యిలో ఊక నింపడానికి వచ్చిన హీరాబాయి తల ఎత్తి పైకి చూసి, గంప కింద పెట్టేసింది.

"సారు, గా చెప్పులెవరియి?"

వెంకట్రావు చూశాడు. బిగించిన మూత పక్కన ఒక జత చెప్పులు. లారీ టైరు కోసి కుట్టినవి. ఎడమదాని పట్టీ తెగితే రాగితీగతో కట్టారు. రెండూ మూతకేసి తిరిగి, విడిచిన మనిషి ఇప్పుడే వస్తానన్నట్టు ఉన్నాయి.

"ఏవయ్యా దేవిదాస్, బోల్టులు బిగించేటప్పుడు చూళ్ళేదా?"

దేవిదాస్ మద్నూర్ అవతలి మరాఠీవాడు, కాగితంలో ఉన్నదే నమ్మే మనిషి. "చూసిన సారు. ఉన్నయి. చీటీ మూసిన్రు గద, చెప్పులతోని నాకేం పని?"

అందర్నీ వరసలో నిలబెట్టి పాదాలు చూశాడు వెంకట్రావు. అందరి చెప్పులూ అందరి కాళ్ళకే ఉన్నాయి. పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. అంటే లోపల ఎవరూ లేరు. కానీ పైన చెప్పులున్నాయి. అప్పుడు లక్‌పతి మెల్లగా అన్నాడు. "తావుర్యా కాక చెప్పుల్లెక్కనే ఉన్నయి సారు."

మంగ్లి వచ్చి, కొంగు కళ్ళ మీదికి లాక్కుని, కింది నుంచే చాలాసేపు చూసింది. "ఎడమది లోపలికి అరిగింది," అంది. "ఆయన అట్లనే నడుస్తుండె."

"ఏ పాత సామాన్లలోవో పడుంటాయి. తీసి పారెయ్యండి," అన్నాడు వెంకట్రావు. ఒక్కరూ కదల్లేదు. తానే తీద్దామని నిచ్చెన రెండు మెట్లు ఎక్కాడు. ఇనుము ఎండకు కాలిపోవాలి. చేతికి చల్లగా తగిలింది. ఏదో పని గుర్తొచ్చినట్టు దిగేశాడు.

"సరే, పొయ్యి తర్వాత చూద్దాం. నీళ్ళన్నా వదులు," అన్నాడు దేవిదాస్‌తో. పంపు మొదలైంది. బాయిలర్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు మధ్యలో, బాయిలర్ దగ్గర కాదు, షెడ్డు రెండో చివర వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర, ఎవరో మూలిగారు.

ముందు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత గుంపుగా అటు నడిచారు. చివరి తొట్టి ఖాళీ. అందులోంచి గొంతు వస్తోంది. మాట లేదు, నూతిలోంచి వచ్చినట్టు ఊ... ఊ... అని. భీమ్లా తొంగి చూసి, "ఎవరూ లేరు," అని చెప్పి, చెప్పినందుకు తానే జడుసుకున్నాడు.

"ఏమంటుండు?" అంది హీరాబాయి.

"తీయమంటుండు," అన్నాడు లక్‌పతి.

"ఏంది తీయాలె?"

"నేనెట్ల అడగాలె అక్కా?"

"ఆయనకు నీళ్ళంటే భయం," అంది మంగ్లి. "కాల్వ దాటాల్నంటే నా చెయ్యి పట్టుకుంటుండె."

వెంకట్రావుకు భయం వేసింది, అబద్ధం ఎందుకు. ఆ భయంలోనే తొట్టిలోకి వచ్చే ఆవిరి గొట్టం మీద చెయ్యి పడింది. గొట్టం వణుకుతోంది. గొంతు పెరిగితే వణుకు పెరుగుతోంది, గొంతు ఆగితే ఆగుతోంది. చెయ్యి ఎత్తకుండా ఆ గొట్టం వెంబడే నడిచాడు. షెడ్డంతా దాటాడు. గొట్టం తిన్నగా పోయి బాయిలర్లో కలిసింది.

"నీళ్ళు ఆపు," అన్నాడు. పంపు చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు.

పంపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బాయిలర్ లోపల నీళ్ళు కదిలాయి. తర్వాత ఇనుము మీద మూడుసార్లు ఠంగు, ఠంగు, ఠంగుమని వినిపించింది.

"అరే దేవా," అని దేవిదాస్ స్పానరు కింద పెట్టేశాడు. కాగితం మీద నమ్మకం ఆయనకు అక్కడితో పోయింది.

వెంకట్రావు నెత్తి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. లెక్క ప్రకారం లోపల బతికున్నవాడెవడూ ఉండడానికి వీల్లేదు. మూత తీస్తే, సంతకం లేకుండా తీసినందుకు ఉద్యోగం పోతుంది. తియ్యకపోతే వడ్లు పులిసి ఉద్యోగం పోతుంది. ఇవన్నీ ఒక పక్క, ఇంకో పక్క ఆ చప్పుడు. ఎవరో ఒకడు లోపల మునిగిపోతున్నాడేమో. దెయ్యమైనా సరే, నీళ్ళలో వదిలేసి సినిమాకు ఎట్లా పోతాడు?

"చీటీ రాయి సారు," అంది హీరాబాయి. "చీటీ లేంది దిగిండు కాక. చీటీ లేకుంటే ఎట్ల బయటికొస్తడు? గది నీ కానూనే గద."

వెంకట్రావు చీటీ తీశాడు. పేరు: తావుర్యా. పని: అక్కడ 'తెలియదు' అని రాశాడు. వయసు దగ్గర కలం ఆగింది. "ఎంత రాయనమ్మా? అప్పటిదా, ఇప్పటిదా?"

"పోయినప్పటిదే రాయి సారు," అంది మంగ్లి. "తర్వాత ఏం పెరగలే."

దిగినప్పటి వేలిముద్ర ఖాళీ. వచ్చినప్పటి వేలిముద్ర ఖాళీ. కింద యజమాని సంతకం. ఆ గీత మీద, బసవపున్నయ్య పెట్టాల్సిన చోట, వెంకట్రావు తన సంతకం పెట్టేశాడు. ఆ సంతకంతో తన కుర్చీ వేరేవాడికి రాసిచ్చినట్టే అనిపించింది. అయినా చీటీ బాయిలర్ గొట్టానికి కట్టాడు, స్పానరు తీసుకుని తానే నిచ్చెన ఎక్కాడు. చెప్పుల్ని తాకకుండా, వాటి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, బోల్టులు విప్పాడు. చివరి బోల్టు మీద స్పానరు రెండుసార్లు జారింది.

మూత పక్కకి జరిగింది. లోపల చీకటి. చీకట్లోంచి ఒక చెయ్యి పైకి వచ్చి అంచు పట్టుకుంది. నల్లగా, తడిగా, సున్నపు పెచ్చులు అంటుకుని ఉంది. కింద ఎవరో కూలబడ్డ చప్పుడైంది. అది దేవిదాస్. చెయ్యి వెనక తల వచ్చింది. తల నిండా మసి, రెండు కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అది నోరు తెరిచింది.

"ఎవడి సంతకంతో తీశార్రా మూత?"

ఆ గొంతు విని వెంకట్రావు నిచ్చెన మీదనుంచి పడకుండా గొట్టాన్ని వాటేసుకున్నాడు. బసవపున్నయ్యే. జీపును డీజిల్ కోసం ఖాళీగా పంపించి, తాను కాలువ గట్టు మీదనుంచి నడిచి వెనక గేటు గుండా వచ్చాడట. కూలీలు పెచ్చులు సరిగ్గా గీకారో లేదో స్వయంగా పట్టుకోవాలని, అందరూ తింటుండగా లోపలికి దూరాడు. దేవిదాస్ నిచ్చెన ఎక్కుతున్న చప్పుడు విని, దొంగతనంగా ఏం మాట్లాడుకుంటారో విందామని మూలకు నక్కి ఊపిరి బిగబట్టాడు. మూత పడింది. తన బాయిలర్లోంచి తనే కేకలు పెట్టడానికి నామోషీ అనిపించి కాసేపు ఓర్చుకున్నాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాక నామోషీ పోయింది.

ఆయన్ని కిందికి దించి గోనెసంచి కప్పారు. వెంకట్రావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బసవపున్నయ్య గొట్టానికి కట్టిన చీటీ చదివాడు. తన సంతకం చోట మేనేజరు సంతకం చూశాడు. ఏదో అనబోయాడు.

"సేటు," అంది హీరాబాయి, గోడ మీది బోర్డు వైపు గడ్డం ఎత్తి, "పర్మిట్ లేంది దిగినోళ్ళు ఏం చేయాల్నని రాయించిన్రు?"

బసవపున్నయ్య బోర్డు చూశాడు. చదవాల్సిన పనిలేదు, రాయించింది ఆయనే. "పోతున్నాలే," అన్నాడు. "ఇంటికే పోతున్నా." రెండడుగులు వేసి ఆగాడు. "వెంకట్రావూ, ఇంకాస్త నీళ్ళు పడుంటే అంతే సంగతి. పొయ్యి వెలిగిస్తావేమోనని... ఎందుకు ఆపావు?"

"మీ చెప్పులు చూశానండి. పైన విడిచారు కదా."

"చెప్పులేంటి? చప్పుడవుతుందని ఒట్టికాళ్ళతో వచ్చా."

అందరూ ఆయన పాదాల వైపు చూశారు. తర్వాత ఒక్కసారిగా పైకి చూశారు. తెరిచిన మూత పక్కన ఏమీ లేదు. ఎవరూ నిచ్చెన ఎక్కలేదు. వెంకట్రావు చేతులు రెండూ అందరికీ కనబడుతూనే ఉన్నాయి. మంగ్లి మాత్రం కొంగు సరిచేసుకుని, "ఇగ పొయ్యి వెలిగించుండ్రి," అని ఊక గంప ఎత్తుకుంది.

పొద్దు గుంకేలోపు ఆవిరి ఎక్కింది, వడ్లు దక్కాయి. వెంకట్రావు కుర్చీ జోలికి ఎవరూ రాలేదు. శాంతకుమారి సినిమా విశ్రాంతి తర్వాత నుంచి చూసింది. మొగుడు తన చెయ్యి వదలకపోవడం చూసి ఏం జరిగిందని అడిగింది. ఆయన తెర మీదే చూపు పెట్టుకుని, మిల్లులో మామూలేనని చెప్పాడు.

మరునాడు పొద్దున చీటీలు మూసి బీరువాలో పెట్టేటప్పుడు తావుర్యా చీటీ చేతికొచ్చింది. యజమాని గీత మీద వెంకట్రావు సంతకం పక్కనే బసవపున్నయ్య కూడా సంతకం చేసి ఉన్నాడు. దాని పైన, బయటికి వచ్చినప్పటి చోట, ఒక వేలిముద్ర ఉంది. సిరాది కాదు, తుప్పుది. వెంకట్రావు అది ఎవరిదని అడగలేదు, చీటీ మూసేశాడు. నియమంలో వేలిముద్ర ఉండాలనే ఉంది గాని, బతికున్నవాళ్ళదే ఉండాలని ఎక్కడా లేదు.