ట్రయల్ షోలో నవ్వు కేసు

"నేరస్థుడు ఎంత ఘటికుడైనా నా కళ్లబడ్డాడంటే వాడి పని సరి!"

ఈ ప్రకటన నేను రెండుసార్లు విన్నాను. లాగాల్సిన తలుపును తోస్తూ బయట ఒకసారి, నేను తెరిచాక ఎడిటింగ్ గదిలో ఒకసారి చెప్పాడు డేగ. తను డిటెక్టివ్‌ననుకుని ఆ పేరు తనే పెట్టుకున్నాడు. నిర్మాతకు బావమరిది, నాకు చిన్ననాటి స్నేహితుడు. వీడు రాకుండా తలుపు గడియ పెట్టుకునే హోదా నిర్మాతకైనా ఉంది, నాకు అదీ లేదు.

కేసు ఇదీ. మా సూపర్ హీరో సినిమా ట్రయల్ షోలో, హీరో మేడ అంచున నిలబడి "ఈ లోకాన్ని కాపాడతాను" అని ప్రమాణం చేస్తుంటే హాలంతా పగలబడి నవ్వింది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే ఆ సీనే తీసేయమన్నాడు నిర్మాత. అందులో హీరో బట్టలు కుట్టే దర్జీ వేషం మా బాబాయిది. కథ గంభీరంగా ఉండాలని ఆయన మాటలన్నీ అప్పటికే ఎడిటర్‌నైన నాచేతే కత్తిరించేయించారు. ఈ సీనూ పోతే బాబాయి సినిమాలో లేనట్టే.

"ఎవడో హాల్లోకి నవ్వించే గ్యాస్ వదిలాడు," అన్నాడు డేగ.

"ఆ ఒక్క సీనుకే పనిచేసే గ్యాసా?"

"అదే వాడి నేర్పు!" అంటూ ఏసీలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, ఆగకుండా తుమ్మాడు. "ఆధారం దొరికింది!"

"అది దుమ్మురా."

అంతలో నిర్మాత వచ్చాడు. "ఏం తేల్చావు?"

"ముద్దాయి ఈ గదిలోనే ఉన్నాడు బావా!" అని డేగ నాటకీయంగా కుర్చీలోంచి లేవబోయాడు. చక్రాల కుర్చీ వెనక్కి జారింది. మోచెయ్యి కీబోర్డు మీద పడింది, మనిషి బల్ల కింద పడ్డాడు. తెర మీద బొమ్మ అమాంతం పెద్దదై, ఓ మూల మాత్రమే నిలిచింది.

ఆ మూలలో మా బాబాయి. నోటినిండా గుండుసూదులు. హీరో చెయ్యెత్తినప్పుడల్లా వీపు మీది ఎర్ర కేపు కుట్టు ఊడుతోంది, ఆయన మోకాళ్ల మీద దేకుతూ మళ్లీ కుడుతున్నాడు. హీరో ఎగరడానికి ఒకడుగు ముందుకేస్తే, సూదితో సహా ఆయనా వెంటపడ్డాడు. మాటలు తీసేశాం గానీ మనిషి ఫ్రేములోనే ఉండిపోయాడు. మేమేమో రోజంతా హీరో మొహమే చూస్తూ కూర్చున్నాం.

నిర్మాత నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మళ్లీ వెయ్యి. నవ్వించడానికి ఈయనేమీ చెయ్యట్లేదే!"

"అందుకే నవ్వొస్తోంది సార్. లోకం ఏమైపోయినా ఆయనకు ఆ కుట్టు నిలబడాలి."

"ఆయన మాటలన్నీ తిరిగి పెట్టెయ్."

"చెప్పానా, ఈ గదిలోనే ఉన్నాడని!" అన్నాడు డేగ బల్ల కింద నుంచి.

బాబాయికి ఫోన్ చేశాను.

"నవ్వారా? నేనేం చేశానురా? ఆ గుడ్డ నిజంగానే ఊడిపోతోంది," అన్నాడు కంగారుగా.

"నీ మాటలన్నీ ఉంటాయి బాబాయ్. ఇక తియ్యరు."



"అయితే నేను సినిమాలో వేశానని మీ పిన్నికి ఇప్పుడు చెప్పొచ్చు," అన్నాడు.